నీలికి ఇవ్వని మందు

కొత్తగా పశువైద్యంలో చేరిన పిల్లలు ఈమధ్య గుడివాడలో మా ఇంటికి వస్తున్నారు. రిటైరైన మనిషి, తీరిగ్గా ఉంటుంది, అడిగితే చెబుతుందని వాళ్ళ ఉద్దేశం. అడిగేవాటిలో సగం పిల్లుల సంగతులే. నాకది వింతగా ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా వైపు పశువుల ఆసుపత్రి అంటే గేదెల ఆసుపత్రే. ఆ తర్వాతే ఆవులు, గొర్రెలు, కోళ్ళు. ఎవరైనా పిల్లిని పట్టుకొస్తే వరండాలో కూర్చున్న రైతులు ముసిముసిగా నవ్వేవారు. తెచ్చినవాళ్ళకి సిగ్గు, చూసేవాళ్ళకి చిన్నతనం.

ఇప్పుడా సిగ్గు పోయింది. మంచిదే. కానీ దానితోపాటు ఇంకో అలవాటు వచ్చింది. పిల్లి తుమ్మితే యాంటిబయాటిక్, అన్నం మానేస్తే యాంటిబయాటిక్, కాలు కుంటితే యాంటిబయాటిక్. పిల్లలు నన్నడిగేది కూడా "ఏది వెయ్యాలి మేడమ్?" అనే. "వెయ్యాలా?" అని అడిగినవాళ్ళు చాలా తక్కువ.

అందుకని ఇది రాస్తున్నాను. నా బదిలీలు, ప్రమోషన్లు, పై ఆఫీసుకి పంపిన రిపోర్టులు ఇందులో ఉండవు. వాటివల్ల మీకు తెలిసేదేమీ లేదు. ఇందులో ఎక్కువ భాగం ఒక పిల్లి గురించి, దాన్ని పెంచినావిడ గురించి, నాకు పైన పనిచేసిన ఒక మంచి డాక్టరు గురించి.

చేపల తట్టలో వచ్చిన పేషెంటు

నా మొదటి పోస్టింగు దివిసీమలో. నాగాయలంక దాటి ఇంకా కిందికి వెళ్తే వచ్చే ఒక పల్లె. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక బీరువా, బయట గేదెల్ని నిలబెట్టే ఇనప చట్రం. ఆ ఏడాది వానలకి రోడ్డు తెగిపోయి మందులు తెచ్చే జీపు అవనిగడ్డలోనే ఆగిపోయింది. బీరువాలో టింక్చరు సీసా, దూది, కొన్ని బ్లేళ్ళు తప్ప పనికొచ్చేవేమీ మిగల్లేదు.

అప్పుడొచ్చింది వెంకాయమ్మ. ఎండుచేపలు అమ్మే మనిషి. చేపల తట్ట మీద పాత వల ముక్క కప్పి, చుట్టూ తాడు బిగించి తెచ్చింది. లోపల్నుంచి గుర్రుమని చప్పుడొస్తోంది.

"ఏంటమ్మా అది?" అన్నాను.

"గండుపిల్లండి. మొహం సూడండి, నిమ్మకాయంత లేసింది. నిన్నట్నించి నీళ్ళు కూడా ముట్టట్లేదు."

వల తీసి చూస్తే ఎడమ చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. ఇంకో గండుపిల్లితో కొట్లాడినట్టుంది. పిల్లి కోర సూదిలా దిగుతుంది. పైన చర్మం మీద చుక్కంత గాయం కనిపిస్తుంది, అదీ వెంటనే మూసుకుపోతుంది. లోపలికి దిగిన క్రిములు మాత్రం అక్కడే ఉండి చీము పట్టిస్తాయి. నేను చదువుకున్నదాంట్లో నాకు గుర్తొచ్చింది పెన్సిలిన్ ఒక్కటే. అది నా దగ్గర లేదు. ఆ మాటే చెప్పాను. వెంకాయమ్మ తట్ట పక్కన చతికిలబడి కూర్చుంది. కదిలేలా కనిపించలేదు.

మందు లేదు కాబట్టే బ్లేడు పట్టుకున్నాను. నీళ్ళు మరిగించి, ఉప్పు వేసి, చల్లార్చాం. వెంకాయమ్మ పిల్లిని మెడదాకా గోనెసంచిలో చుట్టి ఒళ్ళో బిగించి పట్టుకుంది. వాపు అడుగున, చర్మం పల్చబడి మెత్తగా ఉన్నచోట చిన్న గాటు పెట్టాను. బొటబొటా చీము కారింది. ఆ వాసన గదంతా నిండింది. వెంకాయమ్మ మొహం కూడా తిప్పుకోలేదు.

"మా ఎండుచేపల కంటే నయమేలెండి," అంది.

ఉప్పునీళ్ళతో లోపలంతా కడిగాను. గాటు తొందరగా మూసుకుపోకుండా రోజూ గోరువెచ్చటి నీళ్ళతో తుడవమని చెప్పి పంపాను. మర్నాడు ఆవిడ ఖాళీ తట్టతో వచ్చింది. పిల్లి చేపతల తిని దూలమెక్కి కూర్చుందట, పట్టుకోవడం కుదరక ఒక్కతే వచ్చిందట.

చీము మూటకట్టి ఉన్నంతసేపు ఏ మందూ దాని లోపలికి సరిగా చేరదు. మందుని మోసుకెళ్ళేది రక్తం. రక్తం వెళ్ళని చోటికి మందెలా వెళ్తుంది? ముందు చీముని బయటికి పంపాలి. జ్వరం ఉంటేనో, వాపు చుట్టుపక్కల కండలోకి పాకుతుంటేనో అప్పుడు మందు. చాలా పిల్లులకి అంతదాకా రాదు. మందుల బీరువా నిండుగా ఉన్న ఊళ్ళో నాకు మొదటి పోస్టింగు పడి ఉంటే ఈ సంగతి తెలియడానికి చాలా కాలం పట్టేది.

సూది వెయ్యందే పంపలేని డాక్టరు

కొన్నేళ్ళకి బందరు పశువుల ఆసుపత్రికి వచ్చాను. మచిలీపట్నం అని కాగితాల మీద రాస్తాం కానీ నోటికొచ్చేది బందరే. అక్కడ నాకు పై అధికారి విశ్వేశ్వరరావుగారు. గేదె కడుపులో దూడ అడ్డం తిరిగితే చెయ్యి లోపల పెట్టి, కళ్ళు మూసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా మెల్లగా సరిచేసేవారు. ఆ పని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నా పొరపాట్లని రైతుల ముందు ఎప్పుడూ ఎత్తి చూపలేదు. ఆడమనిషి గేదెకి పురుడు పోస్తుందా అని ఎవరో వేళాకోళం చేస్తే, "ఆవిడ చేయి సన్నగా ఉంటుందయ్యా, నీ గేదె అదృష్టం," అన్నారు.

ఆయనకున్న బలహీనత ఒక్కటే. ఎవరొచ్చినా సూది వెయ్యకుండా పంపలేరు.

"ఎక్కడెక్కణ్ణించో వస్తారమ్మా. ఉత్తచేతులతో పంపితే బాగుంటుందా?" అనేవారు.

"అవసరం లేదని చెబితే వింటారు కదండీ సార్."

"వినరు. ఇక్కణ్ణించి తిన్నగా మందుల షాపుకెళ్తారు. అక్కడ ఇంకా పెద్దది అంటగడతారు."

అందులో అబద్ధం లేదు. చిక్కంతా అందులోనే ఉంది.

ఆ రోజుల్లోనే పెడన నుంచి నాగమణి అనే ఆవిడ తన పిల్లిని తెచ్చేది. ఆవిడది కలంకారీ అద్దకం పని. చెక్క అచ్చుని రంగులో అద్ది, బట్ట మీద పెట్టి, పైనుంచి చేత్తో కొట్టాలి. అచ్చు వెంట్రుకవాసి జరిగినా పువ్వు చెడిపోతుంది. నాగమణి చేతిలో అచ్చు జరగదని పెడనలో పేరు. షెడ్డులో ఉన్న బట్టల మూటల్ని ఎలుకలు కొరక్కుండా ఒక తెల్ల ఆడపిల్లిని పెంచుకుంది. కూనగా ఉన్నప్పుడు అది నీలిమందు తొట్టిలో తోక పెట్టిందట. తోక చాలా కాలం నీలంగానే ఉండిపోయి, పేరు నీలి అయింది.

కొట్లాటలో నీలికి తోక మీద గాటు పడింది. నాగమణి మొదట మందుల షాపుకే వెళ్ళింది. అక్కడున్న మనిషి కోళ్ళకి నీళ్ళలో కలిపే మందు సీసా ఇచ్చి, పాలల్లో కాసిని చుక్కలు వెయ్యమన్నాడు. వాపు తగ్గగానే ఆవిడ మానేసింది. మళ్ళీ వాచింది, మళ్ళీ వేసింది. సీసా అయిపోయాక మా ఆసుపత్రికొచ్చింది. నేనప్పుడు గేదెలకి గాలికుంటు టీకాలు వేస్తూ పల్లెల్లో తిరుగుతున్నాను. నీలిని విశ్వేశ్వరరావుగారు చూశారు. సూది వేశారు. తగ్గింది. తిరగబెట్టింది. ముందుదానికంటే పెద్ద మందు వేశారు. కొంచెం తగ్గింది. ఇంకా పెద్దది వేశారు. ప్రతిసారీ కొంచెం తగ్గడమే అందరినీ మోసం చేసింది. బొత్తిగా తగ్గకపోయి ఉంటే ఆయనే ఆగి ఆలోచించేవారు.

టీకాలు పూర్తిచేసి నేను తిరిగొచ్చేసరికి నీలి ఎముకలగూడయింది. తోక ఎత్తడం లేదు. కదిలిస్తే అరుస్తోంది. వాపు నొక్కితే వేలి కింద గరగరలాడింది. మత్తిచ్చి, పుండు తెరిచి చూస్తే సన్నటి సందు ఒకటి తిన్నగా ఎముక దాకా పోయింది. ఊళ్ళో తెలిసినవాళ్ళ దగ్గర ఎక్స్‌రే తీయించాం. తోక ఎముకలో ఒక చోట చెదలు తిన్నట్టుంది.

"సార్, వేసేవన్నీ ఆపేద్దాం. అసలు ఏ క్రిమో, ఏ మందుకి చస్తుందో తెలుసుకుందాం. చీము తీసి విజయవాడ ల్యాబుకి పంపిస్తాను," అన్నాను.

"పిల్లికి కల్చరు పరీక్షా?" అని నవ్వారు. ఎక్స్‌రే ఇంకోసారి కిటికీ వెలుతురులో పెట్టి చూశారు. "సరే, పంపు," అన్నారు.

కొన్నాళ్ళకి ల్యాబు నుంచి ఫోనొచ్చింది. "మేడమ్, ఇది నిజంగా పిల్లిదేనా? ఐసీయూలో ఉన్న మనిషిది పొరపాటున కలిసిందేమో అనుకున్నాం," అన్నాడు అవతలి అతను.

ఉన్నా వెయ్యని మందు

ల్యాబువాళ్ళు పరీక్షించిన మందుల్లో ఆ క్రిమి రెండింటికే లొంగింది. ఒకటి కిడ్నీలని దెబ్బతీసేది. నీలి కిడ్నీలు అప్పటికే అంతంతమాత్రంగా ఉన్నాయి. రెండోది పెద్దాసుపత్రుల్లో, ఇంకేదీ పనిచెయ్యని రోగికి చివరగా వేసే మందు. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే రేపే ఎవరో ఒకరు షాపుకెళ్ళి అడుగుతారు.

"బందర్లో దొరుకుతుంది. తెప్పించనా?" అన్నారు సార్.

"వద్దండి. ఆ ఎముక చచ్చిపోయింది. చచ్చిన ఎముకలోకి అది మాత్రం ఎలా వెళ్తుంది? వేసినన్నాళ్ళూ తగ్గినట్టుంటుంది, తర్వాత దానికి కూడా లొంగని క్రిమి మిగులుతుంది. తోకలో చెడినంతవరకు తీసేద్దాం."

నాగమణిని కూర్చోబెట్టి ఇదే మాట చెప్పాను. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"మందుందా, లేదా అండి?"

లేదని చెబితే గొడవ ఉండేది కాదు. "ఉంది," అన్నాను.

"ఉంటే ఎందుకెయ్యరు? పిల్లే కదా అని చులకనా?"

"చులకనైతే విజయవాడ దాకా పంపిస్తామా అమ్మా? తోక కోస్తే జబ్బే పోతుంది. ఆ మందు మనుషుల కోసం దాచుకోవాల్సింది."

"తోక లేకపోతే అది గోడ మీద నడిచిద్దా? ఎలకని పట్టిద్దా? మీ ఇంట్లో పిల్లకైతే ఇలాగే కోస్తానంటారా?"

"మా ఇంట్లో పిల్లకి కావలసొస్తే ఉండాలనే వద్దంటున్నాను. మీ ఇంట్లోవాళ్ళకి కూడా."

ఆవిడ నీలిని బుట్టలో పెట్టుకుని విసురుగా వెళ్ళిపోయింది. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉండటం అప్పుడు చూశాను. ఏమైందని వెనకనుంచి అడిగితే, "అచ్చు పడింది లెండి," అని గుమ్మం దాటింది. అచ్చుల పని చేసేవాళ్ళకి వేళ్ళు నలగడం మామూలే. నేనింకేమీ అడగలేదు.

రెండ్రోజులు పోయాక తనే వచ్చి బుట్ట నా టేబుల్ మీద పెట్టింది. "కొయ్యండి. చచ్చిందంటే మాత్రం ఈ ఆసుపత్రి గడప తొక్కను," అంది. బయట బెంచీ మీద కూర్చుని చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

మత్తు సార్ చూసుకున్నారు. గేదెల మనిషి, అంత చిన్న ప్రాణం ఊపిరిని ఆయన చెయ్యి వేసి కనిపెడుతూ ఉంటే నాకు ధైర్యంగా ఉండింది. తోక మొదలుకి నాలుగు వేళ్ళ కింద, కండ శుభ్రంగా ఉన్నచోట కోశాను. చెడిన ఎముకంతా వచ్చేసింది. ఆ రెండు మందుల్లో ఏదీ వెయ్యలేదు. నొప్పి తగ్గడానికి పిల్లులకి పనికొచ్చేది వేసి ఇంటికి పంపాం.

వార్డులో

కుట్లు తియ్యాల్సిన రోజు నీలిని నాగమణి తమ్ముడు సాంబ తెచ్చాడు. గాయం చక్కగా మానింది. పిల్లి ఒళ్ళు చేసి, నా చేతిని గీరడానికి కూడా ఓపిక తెచ్చుకుంది.

"మీ అక్క రాలేదేం? నా మీద కోపం తగ్గలేదా?" అన్నాను.

"అక్క పెద్దాసుపత్రిలో ఉందండి. చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. సూదులు వేస్తన్నారు గానీ తగ్గట్లేదు. వేలు తియ్యాల్సొచ్చిద్దేమో అంటన్నారు."

"అచ్చు పడిందని కదా చెప్పింది?"

సాంబ తల దించుకున్నాడు. "అచ్చు కాదండి. మీరు కొయ్యకముందు పుండు కడగతా ఉంటే నీలి కరిచింది. తెలిస్తే పిల్లిని వదిలెయ్యమంటారని ఎవరికీ చెప్పలేదు. అక్కడ డాక్టర్లకి కూడా చెప్పలేదు."

నేను లోపలికెళ్ళి సార్‌కి చెప్పాను. ఆయన రాస్తున్న పెన్ను కింద పెట్టి చెప్పులు వేసుకున్నారు.

"ఫోన్ చేద్దామండి ముందు," అన్నాను.

"ఫోన్లో చెప్పే మాట కాదమ్మా. పద."

వార్డులో నాగమణి మమ్మల్ని చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. చెయ్యి దిండు మీద పెట్టి ఉంది. వేళ్ళు ఒకదానికొకటి ఆనుకునేంతగా ఉబ్బాయి. చూపుడువేలి మొదట్లో చర్మం నల్లబడుతోంది. సర్జన్ కుర్రవాడు, సార్ పిల్లల వయసు ఉంటుంది. మేం పశువుల డాక్టర్లమని చెప్పగానే కాస్త విసుగ్గా చూశాడు. సార్ నిలబడే మాట్లాడారు.

"డాక్టరుగారూ, ఈవిడ చేతి మీద అచ్చు పడలేదు, పిల్లి కరిచింది. ఆ పిల్లికి వైద్యం చేసింది మేమే. దాని పుండులో ఉన్న క్రిమి మామూలు మందులకి చావదు. వేటికి చావదో నేను చెప్పగలను. అవన్నీ వరసగా వేసింది నేనే."

ఒక్కొక్క మందు పేరూ చెప్పారు. ఏది ముందు, ఏది తర్వాత, ఎంత మోతాదులో వేసిందీ చెప్పారు. వాటిలో ఒకటి ఆ పూట కూడా నాగమణికి ఎక్కుతోంది. సర్జన్ మొహంలో విసుగు పోయింది. కుర్చీ జరిపి, "కూర్చోండి సార్," అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"దేనికి లొంగిందండి?"

చెప్పాను.

"పిల్లికి అది వాడారా?"

"లేదండి."

అతను వెంటనే ఫోన్ తీసి ఆ మందు తెప్పించమన్నాడు. ఆ సాయంత్రమే వేలు తెరిచి చీము తీసి, దాన్ని పరీక్షకి పంపి, ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాడు. పరీక్షలో తేలింది నీలి పుండులో ఉన్న క్రిమే. జ్వరం దిగింది. వాపు మోచేతి నుంచి మణికట్టుకి, మణికట్టు నుంచి వేలికి దిగింది. వేలు నిలిచింది. కానీ పై కణుపు మళ్ళీ పూర్తిగా వంగలేదు. అచ్చు పట్టుకునే తీరు నాగమణి కొత్తగా నేర్చుకోవాల్సొచ్చింది.

ఈ కథ చెప్పినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టబోతారు. "మందు పిల్లికి వేసి ఉంటే నాగమణి చెయ్యి పోయేది, అంతేగా మేడమ్?" అంటారు. అంతే అని నేననను. ఒక పిల్లికి వేసినంత మాత్రాన ఆ మందు పనిచెయ్యకుండా పోయి ఉండేదని గట్టిగా చెప్పలేను. వేసి ఉంటే ఇద్దరూ బాగుండేవారేమో కూడా. క్రిమి నీలి నుంచి నాగమణికి వచ్చిందా, రోజూ పుండు కడిగిన ఆవిడ చేతి నుంచే నీలికి వెళ్ళిందా అన్నది కూడా ఎవరూ తేల్చలేరు. నాకు తెలిసింది ఒకటే. ఆ వార్డులో సర్జన్ "దేనికి లొంగిందండి" అని అడిగినప్పుడు, చెప్పడానికి నా దగ్గర ఒక పేరు ఉంది. ఆ పేరు లేని రోజు ఎలా ఉంటుందో నేను ఊహించుకోగలను. మీరూ ఊహించుకోండి.

తిరిగొస్తుంటే కోనేరు సెంటర్ దగ్గర ఆటో ఆగింది. అప్పుడు సార్ అన్నారు: "జాలి అనుకునేవాణ్ణమ్మా. జాలి కాదు, భయం. సూది వెయ్యకపోతే వీడికేమీ రాదనుకుంటారని భయం."

ఆ భయం నాకూ ఉండేది. ఈ వృత్తిలో అది లేనివాళ్ళని నేను చూడలేదు.

ఆ తర్వాత ఆయన ఒక కొత్త పద్ధతి పట్టారు. రైతు వచ్చి సూది అడగ్గానే కాదనేవారు కాదు. జ్వరం చూసేవారు, కళ్ళ రెప్పలు తీసి చూసేవారు, డొక్క మీద చెవి పెట్టి వినేవారు, మేత ఏం వేశావు, నీళ్ళెక్కడివి అని అడిగేవారు. "మనం శ్రద్ధగా చూస్తున్నంతసేపు రైతు సూది సంగతి మర్చిపోతాడమ్మా. ఇన్నేళ్ళూ ఈ కిటుకు తెలియలేదు చూడు," అని నవ్వేవారు. అందరూ మర్చిపోయేవారు కాదు. కొందరు షాపుకి వెళ్ళేవాళ్ళు. కానీ తగ్గారు.

పిల్లుల్లో తేడా

పిల్లి చిన్న సైజు కుక్క కాదు, సగం మనిషి అంతకంటే కాదు. మనం జ్వరానికి వేసుకునే పారసెటమాల్ పిల్లికి విషం, ముక్కైనా సరే. నాగమణికి షాపులో ఇచ్చిన కోళ్ళ మందు మోతాదు మించితే పిల్లికి కళ్ళు పోతాయి. నీలికి పోలేదు, అది మా అదృష్టం. నందివాడ వైపు నుంచి వచ్చిన ఒక పిల్లికి పోయాయి. ఇంట్లోవాళ్ళు దాన్ని చాపల మీదా మంచాల మీదా చేత్తో నడిపించుకుంటూ పెంచుకున్నారు. తూకం చూడకుండా పిల్లికి ఏ మందూ ఇవ్వకండి. బియ్యం తూచే కాటా మీద పెట్టినా పరవాలేదు.

కొన్ని మాత్రలు పిల్లి గొంతు కింద గొట్టంలో అతుక్కుని అక్కడే పుండు చేస్తాయి. ముఖ్యంగా డాక్సీసైక్లిన్. మాత్ర మింగించాక సిరంజితో కాసిని నీళ్ళు పట్టండి, లేదా ఏదైనా తినిపించండి. పిల్లి తర్వాత అన్నం మానేస్తే జబ్బు ముదిరిందనుకుంటారు. ముదిరింది జబ్బు కాదు, మాత్ర చేసిన పుండు.

గుడివాడలో పనిచేసేటప్పుడు ఒక రైస్ మిల్లు ఆయన గండుపిల్లిని తెచ్చాడు. మాటిమాటికీ మట్టిలో కూర్చుంటోంది, చుక్క కూడా రావడం లేదు. "యూరిన్ ఇన్ఫెక్షనండి, మాత్రలు వేస్తూనే ఉన్నాం," అన్నాడు. పొట్ట నొక్కితే మూత్రసంచి రాయిలా ఉంది. దారి మూసుకుపోయింది. దానికి కావలసింది గొట్టం, మాత్ర కాదు. ఇంకో పూట మాత్రలతో గడిపి ఉంటే చచ్చిపోయేది. వయసులో ఉన్న పిల్లికి మూత్రం ఇబ్బంది వస్తే చాలాసార్లు అందులో క్రిమే ఉండదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా ఎన్నో పిల్లులు బతుకుతాయి. జలుబు, తుమ్ములు కూడా ఎక్కువగా వైరస్‌వే. ముక్కు తుడిచి, వాసనొచ్చే తిండి వెచ్చగా పెడితే చాలావరకు వాటంతటవే తగ్గుతాయి.

ఇదంతా విని మందంటేనే భయపడే డాక్టర్లు కూడా తయారవుతున్నారు. అదీ తప్పే. ఛాతీలో చీము పట్టిన పిల్లికి, జ్వరంతో కాలిపోతున్న కూనకి వెనకాడితే ప్రాణం పోతుంది. ఇవ్వాల్సినప్పుడు సరైనది, సరైన మోతాదులో, పూటలు తప్పకుండా ఇవ్వండి. ఎప్పుడు ఆపాలో ఇంట్లోవాళ్ళకి వదిలెయ్యకండి. పిలిచి, మళ్ళీ చూసి, మీరే ఆపండి.

అట్టపెట్టెలో కూన

నీలి తోక లేకుండానే గోడల మీద నడిచింది, ఎలకల్ని పట్టింది, ముసలిదై అద్దకం షెడ్డులోనే పోయింది. ఆ సంగతి సాంబ ఫోన్ చేసి చెప్పాడు. నాగమణి మాత్రం ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళాక నాతో మాట్లాడలేదు. నేను పలకరించడానికి పెడన వెళ్తే మంచినీళ్ళిచ్చి, పని ఉందని షెడ్డులోకి వెళ్ళిపోయింది. వేలు వంగనందుకా, పిల్లికి మందు వెయ్యనందుకా, మాకు అబద్ధం చెప్పినందుకా, ఎందుకో నాకు తెలియలేదు. విశ్వేశ్వరరావుగారు పోయేదాకా అడుగుతూనే ఉండేవారు, ఆవిడ చెయ్యి ఎలా ఉందని.

పోయిన వానాకాలం ఒక పొద్దున గుమ్మంలో నాగమణి నిలబడి ఉంది. చేతిలో బిస్కెట్ల అట్టపెట్టె, పైన బొక్కలు. పాసింజరు దిగి స్టేషన్ నుంచి నడిచే వచ్చింది. జుట్టు బాగా నెరిసింది.

"మీరు రిటైరైపోయారని తెలుసండి. అయినా తెచ్చా," అంది.

"కూర్చోండి. ఏమైంది?"

"మందు కోసం కాదు. బందర్లో చూపిస్తే చూడకుండానే రాసిచ్చాడు. నేను కొనలేదు. మీరు చూస్తారని వచ్చా."

పెట్టెలో పిడికెడంత బూడిదరంగు కూన. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తీరిగ్గా చూశాను. ఒక కన్ను ఎర్రగా ఉబ్బి పుసి కట్టింది, రెండోది అప్పుడే మొదలవుతోంది. ఒళ్ళు కాలుతోంది. నోరు తెరిచి చూశాను, ఛాతీ విన్నాను, కాటా మీద పెట్టాను. నాగమణి నా చేతులు చూస్తూ పక్కనే నిలబడింది.

"దీనికి మందు కావాలమ్మా," అన్నాను.

ఆవిడ భృకుటి ముడిపడింది. "నిజంగానే కావాలా అండి?"

"కావాలి. ఇది వట్టి జలుబు కాదు. కళ్ళలో క్రిమి ఉంది."

"కడిగితే పోదా?"

"పోదు."

"నాలుగు రోజులు ఆగి చూస్తే?"

"ఆగితే కళ్ళు పోతాయి."

"మనుషులకి దాచుకోవాల్సిన మందు కాదుగా?"

"కాదు. మామూలు మందే."

ఆవిడకి నమ్మకం కుదరలేదు. కుర్చీ లాక్కుని నాకెదురుగా కూర్చుంది. ఏ క్రిమి, ఎలా వచ్చింది, మందు అక్కడిదాకా ఎలా వెళ్తుంది, ఎప్పుడు ఆపాలి, ఆపాక తిరగబెడితే ఏం చెయ్యాలి, అన్నీ అడిగింది. అన్నింటికీ జవాబు చెప్పాను. మధ్యలో కాఫీ చల్లారిపోయింది. పెడన వెళ్ళే పాసింజరు కూడా వెళ్ళిపోయింది. ఒక యాంటిబయాటిక్ వెయ్యనివ్వమని ఒక మనిషిని అంతసేపు బతిమాలుకోవాల్సి రావడం నా జీవితంలో అదే మొదటిసారి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అంత సంతోషంగా నేనెవరితోనూ వాదించలేదు.